డిగ్రీ మొదటి సంవత్సరం మైక్రోబయాలజీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

నీటిచుక్క (కావలి)

అందరికీ నమస్కారం. ఈ ఏడాది డిగ్రీలో మైక్రోబయాలజీ తీసుకున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొదటి యూనిట్‌లోనే శాస్త్రవేత్తల చరిత్ర, వర్గీకరణ, మైక్రోస్కోప్, స్టెయినింగ్ అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. లీవెన్‌హుక్, పాశ్చర్, కాక్, పెట్రి అని వరసగా బట్టీ పడుతున్నాను గానీ, ఒకరి పని తర్వాత ఇంకొకరి పని ఎందుకు అవసరమైందో అంతుబట్టడం లేదు. బ్యాక్టీరియా పేర్లయితే పొద్దున చదివినవి సాయంత్రానికి ఉండవు.

ఇంకో సంగతి. మా నాన్న రొయ్యల గుంటలు చూసుకుంటారు. ల్యాబ్ రిపోర్టు తెచ్చి “గ్రీన్ ఇంత, ఎల్లో ఇంత అని రాశారు. నువ్వు చదివేది ఇదే కదమ్మా, ఏంటో చెప్పు” అంటున్నారు. అది మా సిలబస్‌లో ఎక్కడ వస్తుందో కూడా తెలియట్లేదు. టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా దారి చెప్పండి.

పాత మాస్టారు (ఒంగోలు)

అమ్మా, నీ మొదటి యూనిట్ మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. గుంపులో కలిసిపోయి ఉన్న లక్షల జీవుల్లోంచి ఒకే రకాన్ని విడదీసి పెంచడం ఎలా? దీన్ని పట్టుకో, పేర్లన్నీ వాటంతటవే వరసలో నిలబడతాయి.

లీవెన్‌హుక్ హాలండ్‌లో డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి. 1670లు, 80ల్లో తను అరగదీసుకున్న చిన్న కటకాలతో చెరువు నీళ్లు, పళ్ల మీది పాచి చూశాడు. అందులో కదులుతున్న ప్రాణులు కనిపించాయి. చూడటం అయింది. కానీ అవి ఎక్కడినుంచి వస్తున్నాయి? కుళ్లిన పదార్థంలోంచి తమంతట తామే పుడుతున్నాయని చాలామంది చాలాకాలం నమ్మారు. పాశ్చర్ 1860 ప్రాంతంలో ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. సన్నటి మెడను వంపులు తిప్పిన గాజు సీసాలో రసం పోసి మరిగించాడు. గాలి లోపలికి పోతుంది, దుమ్ము మాత్రం ఆ వంపులో చిక్కుకుంటుంది. రసం చెడలేదు. సీసాను వంచి రసాన్ని ఆ దుమ్ముకు తాకిస్తే మళ్లీ చెడింది. అంటే జీవులు గాలిలోని దుమ్ముతో బయటినుంచి వస్తున్నాయి.

బయటినుంచే వస్తాయని తేలాక అసలు పని మొదలైంది. ఫలానా జబ్బు ఫలానా క్రిమి వల్లే అని చెప్పాలంటే, ఆ క్రిమి ఒక్కటే చేతిలో ఉండాలి. ద్రవంలో పెంచితే అన్నీ కలిసే పెరుగుతాయి. రాబర్ట్ కాక్ ఉడికించిన బంగాళాదుంప ముక్క మీద వేరువేరు రంగుల చుక్కలు లేవడం గమనించాడు. ఒక్కో చుక్కలో ఒకే రకం. గట్టి ఉపరితలం కావాలని అక్కడ తేలింది. మొదట జెలటిన్ వాడారు. కానీ అది వెచ్చదనానికి కరిగిపోతుంది, కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేస్తాయి కూడా. మన ఒంగోలు రోహిణి కార్తెలో జెలటిన్ ప్లేటు పెడితే మధ్యాహ్నానికి నీళ్లే. కాక్ ల్యాబ్‌లో పనిచేసిన వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె తన వంటింట్లో జెల్లీకి వాడే అగార్‌ను సూచించింది. సముద్రపు నాచు నుంచి తీసే ఆ పదార్థం సుమారు 85 డిగ్రీల దగ్గర కరిగి, 40 డిగ్రీల లోపుకి చల్లారితే గానీ గట్టిపడదు. కాబట్టి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో నిలకడగా ఉంటుంది. 1887లో పెట్రి ఆ మూత ఉన్న గాజు పళ్లెం తయారుచేశాడు. అంతకు ముందే, గట్టి ఉపరితలం మీద పెంచే పద్ధతి బలంతోనే కాక్ 1882లో క్షయ క్రిమిని చూపించగలిగాడు. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని శుద్ధంగా వేరుచేశాడు.

ఫానీ హెస్సె పేరు చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. నా దృష్టిలో ఆమె లేకుండా ఆ అధ్యాయమే లేదు.

రొయ్యల ల్యాబ్ (ఇందుకూరుపేట)

మాస్టారు చెప్పినదంతా నిజమే గానీ, నా అభిప్రాయం వేరు. చరిత్ర తర్వాత చదువుకోవచ్చు. చెల్లీ, నువ్వు ముందు ఒక ప్లేటు చూడు. మీ నాన్న తెచ్చిన రిపోర్టుతోనే మొదలుపెట్టు, సగం సిలబస్ అందులో ఉంది.

మేం రోజూ చేసేది ఇది. గుంట నీళ్లు శుభ్రమైన సీసాలో వస్తాయి. 1 మిల్లీలీటరు తీసి 9 మిల్లీలీటర్ల స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా చేసిన) సెలైన్‌లో కలుపుతాం. పది రెట్లు పలుచన అయింది. అవసరమైతే అందులోంచి మళ్లీ 1 తీసి మళ్లీ 9లో. నూరు రెట్లు. అందులోంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద వేసి గాజు కడ్డీతో సమంగా పరుస్తాం. మర్నాడు చుక్కలు లెక్కపెడతాం. ఒక్కో చుక్క ఒక్కో కాలనీ. ఒకచోట పడిన ఒక కణం రాత్రికి రాత్రి పెరిగి కంటికి కనిపించేంత కుప్ప అయింది.

పది రెట్లు పలుచన చేసిన నీళ్లలోంచి 0.1 మిల్లీలీటరు వేస్తే 64 కాలనీలు వచ్చాయనుకో. 64ను 10తో గుణిస్తే ఒక మిల్లీలీటరుకు 640. పలుచన కోసం మళ్లీ 10తో గుణిస్తే 6,400. అసలు గుంట నీళ్లలో మిల్లీలీటరుకు 6,400. రిపోర్టులో సీఎఫ్‌యూ (కాలనీలుగా పెరగగల కణాల లెక్క) అని రాసేది ఇదే. ప్లేటు మీద 30కి 300కి మధ్య కాలనీలున్నదాన్నే లెక్కకు తీసుకోవాలి. తక్కువైతే లెక్క నమ్మలేం, ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి ఎక్కి కలిసిపోతాయి.

గుంట రైతు (విడవలూరు)

మేడమ్, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర అందరూ అనేది గ్రీన్ వస్తే చెడ్డది, ఎల్లో వస్తే మంచిది అని. ఎల్లో ఎంత ఉన్నా భయం లేదంటారు. నిజమేనా?

రొయ్యల ల్యాబ్ (ఇందుకూరుపేట)

అన్నా, పూర్తిగా నిజం కాదు. ఈ మాట మన తీరమంతా పాకింది కాబట్టి వివరంగా రాస్తాను. చెల్లికి కూడా పనికొస్తుంది.

మేం వాడేది టీసీబీఎస్ అనే మీడియా, అంటే బ్యాక్టీరియాను పెంచడానికి ప్లేటులో పోసే తిండి. అసలు కలరా క్రిమిని, దాని జాతి విబ్రియోలను వేరుచేయడానికి తయారైనది. అందులో పైత్య లవణాలు ఉంటాయి, పీహెచ్ 8.6, అంటే క్షార గుణం, ఉంటుంది. ఆ రెండింటికీ తట్టుకోలేక చాలా రకాల బ్యాక్టీరియా అక్కడ లేవలేవు, విబ్రియోలు లేస్తాయి. ఇలాంటిదాన్ని సెలెక్టివ్ మీడియా అంటారు. దాంతోపాటు చక్కెర, రంగు మారే సూచిక కలిపి ఉంటాయి. చక్కెరను వాడుకోగలిగిన విబ్రియో ఆమ్లం విడుస్తుంది, చుట్టూ పసుపు అవుతుంది. వాడుకోలేనిది ఆకుపచ్చగానే ఉండిపోతుంది. ఇది డిఫరెన్షియల్ మీడియా పని.

అంటే ఆ రంగు చెప్పేది ఒక్కటే: చక్కెర తిన్నదా, లేదా. రొయ్యను చంపుతుందా లేదా అన్నది రంగు చెప్పదు. విబ్రియో పారాహీమోలైటికస్ ఆకుపచ్చగా వస్తుంది. అందులో కొన్ని రకాలు విషం తయారుచేసి రొయ్య కాలేయాన్ని నాశనం చేస్తాయి, అందుకే గ్రీన్ అంటే భయం పట్టుకుంది. కానీ మనుషులకు కలరా తెచ్చే విబ్రియో కలరే పసుపు కాలనీయే. రాత్రిపూట గుంట నీళ్లు మెరిపించే విబ్రియో హార్వేయి ఒక్కోసారి పసుపు, ఒక్కోసారి ఆకుపచ్చ.

కాబట్టి ఒక రిపోర్టు చూసి మందు పోయొద్దు. పోయిన వారం ఎంత, ఈ వారం ఎంత అని వరసగా చూడండి. రొయ్య మేత తింటోందా, పేగు నిండుగా ఉందా, చెక్‌ట్రేలో (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెంలో) ఏం కనిపిస్తోందో కలిపి చూడండి.

నీటిచుక్క (కావలి)

అక్కా, సెలెక్టివ్, డిఫరెన్షియల్ తేడా ఇప్పుడు అర్థమైంది! నోట్స్‌లో రెండూ పక్కపక్కనే నిర్వచనాలుగా ఉన్నాయి, చదివినా తలకెక్కలేదు. ఇంకో సందేహం. ఒక కణం ఒక్క రాత్రిలో కంటికి కనిపించే కుప్ప ఎలా అవుతుంది?

సింహపురి ఎమ్మెస్సీ (నెల్లూరు)

దీనికి నేను చెబుతాను. మన పేగుల్లో ఉండే ఈ.కొలై బ్యాక్టీరియాకి మంచి తిండి, 37 డిగ్రీల వేడి దొరికితే సుమారు 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. గంటకు మూడుసార్లు. ఏడు గంటలకు 21 సార్లు. ఒకటి రెండై, రెండు నాలుగై పోతే 21వ సారికి 20,97,152. సాయంత్రం వేసిన ప్లేటు పొద్దున ఎందుకు నిండుతుందో ఈ లెక్క చాలు.

అయితే ఎప్పటికీ అలాగే పెరగవు. కొత్త చోట పడగానే కాసేపు పెరుగుదల కనిపించదు. ఆ సమయంలో అక్కడి తిండికి కావలసిన ఎంజైములు తయారు చేసుకుంటాయి. అది ల్యాగ్ (lag) దశ. తర్వాత లాగ్‌ (log), అంటే రెట్టింపవుతూ పోయే లాగరిథమిక్ దశ. పరీక్షలో చాలామంది ఈ రెండూ కలిపేస్తారు, జాగ్రత్త. తర్వాత తిండి తగ్గి, అవి వదిలిన ఆమ్లం పెరిగి నిలకడ దశ. చివరికి చావు.

పెరుగు తోడు వేయడంలో ఇదంతా జరుగుతుంది. పాల పీహెచ్ 6.7 దగ్గర ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం పెరిగి 4.6కు దిగేసరికి పాలలోని కేసీన్ గడ్డకడుతుంది. ఎండాకాలం మన నెల్లూరులో పెరుగు తొందరగా తోడుకుని అంతే తొందరగా పులిసిపోతుంది, డిసెంబరులో గిన్నెకు గుడ్డ చుట్టాలి. ఉష్ణోగ్రత పెరుగుదల మీద ఎంత పనిచేస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. వీలైతే పీహెచ్ పేపర్ కొని గంటగంటకూ ముంచి రాసుకో, గ్రాఫ్ గీస్తే అదే నీ మొదటి ప్రయోగం.

ఎర్ర స్లైడ్ (ఒంగోలు, ఆసుపత్రి ల్యాబ్)

స్టెయినింగ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ప్రాక్టికల్‌లో తప్పక వస్తుంది.

గ్రామ్ స్టెయిన్‌ను 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో ఉండగా కనిపెట్టాడు. స్లైడ్ మీద పలచగా స్మియర్ చేసి ఆరనివ్వాలి, మంట మీదుగా రెండుమూడుసార్లు దాటించాలి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడగాలి. అయోడిన్ ఒక నిమిషం, కడగాలి. తర్వాత ఆల్కహాల్. ఇక్కడే అంతా ఉంది. స్లైడ్‌ను వంచి పట్టుకుని చుక్కచుక్కగా వేస్తూ, కిందికి జారే ద్రవంలో ఊదారంగు పోవడం ఆగగానే వెంటనే నీళ్లతో కడిగేయాలి. సాధారణంగా 10 నుంచి 20 సెకన్లు. చివర శాఫ్రనిన్.

ఎందుకలా? క్రిస్టల్ వయొలెట్, అయోడిన్ కలిసి కణంలో పెద్ద ముద్దగా తయారవుతాయి. గ్రామ్ పాజిటివ్ కణానికి పెప్టిడోగ్లైకాన్ గోడ మందంగా ఉంటుంది, ఆల్కహాల్ తగిలి బిగుసుకుంటుంది, ముద్ద లోపలే ఉండిపోతుంది. ఊదా రంగు. గ్రామ్ నెగటివ్‌కు ఆ గోడ పలచన, పైన కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్ ఆ కొవ్వును కరిగిస్తుంది, ముద్ద బయటికి వచ్చేస్తుంది, శాఫ్రనిన్‌తో గులాబీ అవుతుంది. ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంటే గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీగా కనిపిస్తుంది. పాత కల్చర్ వాడినా అంతే, గోడలు బలహీనపడి ఉంటాయి. అందుకే 18 నుంచి 24 గంటల కల్చరే తీసుకోవాలి.

100 రెట్ల కటకంతో చూసేటప్పుడు స్లైడ్ మీద నూనె చుక్క వేయడం మరిచిపోవద్దు. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగి పక్కకు పోతుంది. నూనె వక్రీభవన గుణకం గాజుతో సమానం కాబట్టి కాంతి నేరుగా కటకంలోకి పోతుంది. ఐపీస్ 10తో కలిపి వెయ్యి రెట్లు పెద్దగా కనిపిస్తుంది.

ఇక ఆసుపత్రి మాట ఒకటి. జ్వరం రాగానే “టైఫాయిడ్ టెస్ట్” అని విడాల్ చేయించుకుంటారు. విడాల్ క్రిమిని చూడదు. క్రిమి మీద మన రక్తంలో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్ల, టీకా వల్ల కూడా పాజిటివ్ రావొచ్చు. జ్వరం మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు రక్తాన్ని కల్చర్ చేస్తే సాల్మొనెల్లా టైఫీ పెరిగి కనిపించే అవకాశం ఎక్కువ. ఏ మందుకు లొంగుతుందో కూడా దాని మీదే పరీక్షించవచ్చు. మాస్టారు చెప్పిన “ఒక్కదాన్ని విడదీయడం” రోగి మంచం దగ్గర పనికొచ్చేది ఇక్కడే. రెండు రోజులు ఆగాలని చాలామంది కల్చర్ వద్దంటారు. ఆ తొందర చూస్తే నాకు బాధేస్తుంది.

గుంట రైతు (విడవలూరు)

అయితే రొయ్యల వైట్ స్పాట్ జబ్బు‌కి యాంటీబయాటిక్ వేస్తే ఉపయోగం ఉంటుందా సార్? 1990ల్లో టైగర్ రొయ్య పంట పోయినప్పుడు మా నాన్నావాళ్లు ఏవేవో పోశారంటారు.

పాత మాస్టారు (ఒంగోలు)

ఉండదు నాయనా. వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చేది. పెనిసిలిన్ లాంటివి బ్యాక్టీరియా గోడ కట్టుకోనివ్వకుండా చంపుతాయి. ఇంకొన్ని బ్యాక్టీరియా ప్రొటీన్ తయారీని ఆపుతాయి. వైరస్‌కు గోడా లేదు, సొంతంగా ప్రొటీన్ తయారుచేసుకునే ఏర్పాటూ లేదు. రొయ్య కణంలో దూరి దాని సామగ్రినే వాడుకుంటుంది. మందుకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? పైగా గుంటలో ఉన్న బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడతాయి. తట్టుకునే జన్యువులను, కణంలో ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాలైన ప్లాస్మిడ్‌ల ద్వారా పక్కవాటికి ఇచ్చేస్తాయి కూడా.

వైరస్ అన్నది బ్యాక్టీరియా కన్నా వేరని మొదట తెలిసింది మన ప్రకాశం రైతుకు బాగా తెలిసిన పంట మీదే. పొగాకు ఆకు మీద లేత, ముదురు పచ్చ మచ్చలు పడే మొజాయిక్ తెగులు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ జబ్బు ఆకు రసాన్ని బ్యాక్టీరియా దాటలేని పింగాణీ ఫిల్టర్‌లో వడకట్టాడు. వడకట్టిన రసం కూడా జబ్బు తెచ్చింది. 1898లో బైజరింక్ ఇది బ్యాక్టీరియా కాదు, బతికున్న మొక్కలోనే పెరిగే వేరే పదార్థమని తేల్చాడు. 1935లో స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా తీశాడు. కొండపి, టంగుటూరు వైపు నారుమళ్లలో పనిచేసేవాళ్లను చుట్ట తాగి అదే చేత్తో మొక్కలు ముట్టుకోవద్దనేది ఇందుకే. ఎండిన పొగాకులో కూడా ఆ వైరస్ బతికి ఉంటుంది.

రొయ్యల ల్యాబ్ (ఇందుకూరుపేట)

మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. తెల్ల మచ్చ కనిపించినంత మాత్రాన వైట్ స్పాట్ అనుకోకండి. నీళ్లలో ఖనిజాలు ఎక్కువైనా పెంకు మీద తెల్లగా మచ్చలు పడతాయి. పీసీఆర్ (జబ్బు తెచ్చే జీవి జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించాలి. అలాగే ఈహెచ్‌పీ. అది బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. శిలీంధ్రాలకు దగ్గరి మైక్రోస్పోరిడియా. రొయ్య ఒకేసారి చావదు, పెరగదు, సైజుల్లో తేడా వస్తుంది. దాన్నీ పీసీఆర్‌తోనే పట్టాలి. యాంటీబయాటిక్ డబ్బు నీళ్ల పాలే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అయితే నిషేధం, అవశేషం దొరికితే ఎగుమతి కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది.

శనగచేను (నాగులుప్పలపాడు)

అందరూ జబ్బుల గురించే రాస్తున్నారు. సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం మన జోలికి రావు, వాటిలో కొన్ని లేకపోతే పంటే లేదు. చెల్లీ, ఈ శీతాకాలం ఎవరి శనగ చేలోనైనా అడిగి ఒక మొక్క మట్టితో సహా తవ్వి తియ్యి. లాగొద్దు, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. వేరు నెమ్మదిగా కడిగి ఒక బుడిపె బ్లేడుతో కొయ్యి. లోపల గులాబీగా ఉంటే పనిచేస్తోందని గుర్తు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. లోపలున్న రైజోబియం వర్గపు బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చి మొక్కకు ఇస్తుంది. ఆ పనిచేసే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది, కాబట్టి ఆక్సిజన్‌ను పట్టి ఉంచడానికి ఆ ఎర్ర పదార్థం. కోసినప్పుడు లోపల ఆకుపచ్చగానో తెల్లగానో ఉంటే పని జరగట్లేదు.

మట్టిలోంచే మందులు కూడా వచ్చాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లోనే, 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. అది స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అనే మట్టి బ్యాక్టీరియా నుంచి వచ్చింది.

సింహపురి ఎమ్మెస్సీ (నెల్లూరు)

వర్గీకరణకు కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పు మళ్ల వైపు ఎప్పుడైనా వెళితే, ఉప్పు చిక్కబడే మళ్లలో నీటి రంగు చూడు. ఉప్పు బాగా చిక్కబడితే నీళ్లు గులాబీ, ఎర్ర రంగుకు తిరుగుతాయి. అంత ఉప్పులో మామూలు బ్యాక్టీరియా నీళ్లు కోల్పోయి చచ్చిపోతాయి, మామిడికాయ ఊరగాయ చెడకుండా ఉండటానికి అది కూడా ఒక కారణం. ఆ ఎరుపు తెచ్చేవాటిలో ముఖ్యమైనవి ఉప్పును ఇష్టపడే ఆర్కియా. చూడటానికి బ్యాక్టీరియాలాగే ఉంటాయి, కేంద్రకం లేదు. కానీ 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ పోల్చి చూస్తే అవి బ్యాక్టీరియా కానే కావని తేలింది. అందుకే ఇప్పుడు జీవులను బ్యాక్టీరియా, ఆర్కియా, యూకేరియా అని మూడుగా విడదీస్తున్నాం. ఆకారం చూసి బంధుత్వం చెప్పలేమన్నది ఇందులో అసలు విషయం.

పేర్ల గురించి అడిగావు. పేరు ఒక్కటే చదవకు. ఆకారం, గ్రామ్ రంగు, ఏం తింటుంది, ఎక్కడ ఉంటుంది, ఏం చేస్తుంది, ఈ ఐదూ ఒక చీటీ మీద రాసి పెట్టుకో. విబ్రియో అనగానే వంపు తిరిగిన కడ్డీ, గ్రామ్ నెగటివ్, ఉప్పునీళ్లు, మీ నాన్న రిపోర్టు గుర్తొస్తే ఇక మరిచిపోవు.

నీటిచుక్క (కావలి)

మాస్టారూ, అక్కా, అన్నా, అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇప్పుడు ఒక యూనిట్‌కీ ఇంకో యూనిట్‌కీ లంకె దొరికింది. వచ్చే వారం ప్రాక్టికల్‌లో స్ట్రీకింగ్ ఉంది. టీసీబీఎస్‌ను ఆటోక్లేవ్ చేయకూడదని సీనియర్లు అన్నారు, మిగతావి చాలావరకు చేయాలంటున్నారు. ఎందుకు?

రొయ్యల ల్యాబ్ (ఇందుకూరుపేట)

ఆటోక్లేవ్ అంటే 15 పౌండ్ల పీడనంలో 121 డిగ్రీలు, 15 నిమిషాలు. ఇంట్లో కుక్కర్ కూడా దాదాపు ఆ పీడనంతోనే ఉడికిస్తుంది. అంత వేడి ఎందుకంటే బాసిల్లస్, క్లాస్ట్రీడియం జాతులు చేసే స్పోర్లు 100 డిగ్రీల మరుగుకు చావవు. టీసీబీఎస్‌కు అంత వేడి పెడితే అందులోని పదార్థాలు పాడై మీడియా పనిచేయదు. పైగా అందులో పైత్య లవణాలు, ఎక్కువ పీహెచ్ ఉన్నందువల్ల మిగతావి ఎలాగూ పెరగవు. అందుకే కలిపి మరిగించి, చల్లార్చి పోసేయడమే. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలుపు.

స్ట్రీకింగ్‌కు లూప్‌ను ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, చుక్క తీసుకుని ఒక మూల గీతలు గియ్యి. మళ్లీ కాల్చు, చల్లార్చు, ఆ గీతల చివరినుంచి కొంచెం లాగి పక్క భాగంలో గియ్యి. ఇలా నాలుగు భాగాలు. ప్రతిసారీ కాల్చకపోతే పలుచన కాదు, నాలుగో భాగంలో విడివిడి కాలనీలు రావు. లూప్ వేడిగా ఉండగానే తాకిస్తే కణాలు కాలిపోతాయి, అగార్ చివచివమంటుంది. అయ్యాక ప్లేటును బోర్లించి ఇంక్యుబేటర్‌లో పెట్టు. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు అగార్ మీద పడితే విడివిడిగా లేచిన కాలనీలు కూడా కలిసిపోతాయి.